ముల్లు చెప్పని సంగతి

సముద్రానికి నాలుగు వేల మీటర్ల ఎత్తున
ఎల్ ఆల్టోలో మా పళ్ల ఆసుపత్రి:
ఒక గది, ఒక కుర్చీ, గది వెనక నా గూడు.
నా పని ఎంగిలి కడగడం.
చిన్న అద్దాలు, కొక్కేలు, పళ్లు పీకే పటకార్లు
పేటలో అందరి నోళ్లూ తిరిగి
సాయంత్రానికి నా చేతికే వస్తాయి.

ఆటోక్లేవ్ అడుగు చిల్లిపడి కారిపోయిన నాడు
డాక్టరమ్మ యులాలియా లరూతా
బల్ల మీద రెండు కాగితాలు పరిచింది.
ఒకటి కొత్తదానికి. ధర కింద వడ్డీ,
వడ్డీ కింద ముప్పైయారు నెలలు.
రెండోది గురువారం సంతలో
సిగరెట్ పెట్టె చింపి రాసిచ్చింది:
అరీకాలో, సముద్రం ఒడ్డున,
ఒక ముసలి డాక్టరు వాడిన యంత్రం.
పెద్దగా వాడలేదట. బేరం కూడా ఉందట.

కొత్తొక వింత, పాతొక రోత అంటారు గానీ
మూడో వంతు ధర పలికితే
రోత కూడా ముస్తాబై కూర్చుంటుంది.

మినీబస్సులో దానికీ ఒక టికెట్టు కొని తెచ్చాం.
తలుపు తీస్తే లోపల సున్నపు చారలు,
మూలన ఎవరిదో ఒక కొక్కెం.
రాత్రి దాన్ని తుడుస్తూ అనుకున్నాను,
ఎంగిలి పోగొట్టే యంత్రానికి
ఎంగిలి అంటుతుందా అని.

ముల్లు పదిహేను మీద నిలబడింది, కదల్లేదు.
పొట్లాల టేపు మీద నల్ల చారలు దిగాయి.
నేను సంబరపడ్డాను.
డాక్టరమ్మ మాత్రం లోపల పెట్టిన చిన్న గొట్టం తీసి
రెండు రోజులు వెచ్చగా దాచింది.
ఊదాగా ఉంటే క్రిములు చచ్చినట్టు.
పసుపు తేలింది.
మరెక్కడైనా శుభమేమో ఆ రంగు.

మెకానిక్ జెనోన్ తార్కీ
బుగ్గన కోకా ఆకు నొక్కుకుని వంగి చూశాడు.
"ముల్లు అబద్ధమాడలేదమ్మా,
దానికి తెలిసిన గాలి వేరు.
అక్కడి పదిహేను ఇక్కడ చాలదు, ఇరవై దాటాలి."
నాకు వెంటనే అర్థమైంది.
మా అమ్మ పొయ్యి మీద దుంపలు ఉడికేలోపు
మేం ఆకలితో నిద్రపోయేవాళ్లం.
మా నీళ్లు కళపెళా పొంగుతాయి,
సరిగ్గా కాగకముందే.

"వాల్వు మార్చి పెంచుతా.
ఎంత ఓర్చుకుంటుందో వెనక పలక మీద ఉంటుంది."
వెనక పలక ఉంది.
అంకె ఉండాల్సిన చోట గీకుడు, దాని మీద రంగు.
"బహుశా ఓర్చుకుంటుంది," అన్నాడు.
డాక్టరమ్మ ఆ "బహుశా"ని
రెండుసార్లు నమిలి ఉమ్మేసింది.

సోమవారం బ్యాంకులో సంతకం.
ఎక్స్‌రే కోసం దాచింది మొదటి కంతుకే పోయింది.
కొత్తది వచ్చి, ప్లగ్గు పెట్టగానే
ఎవరూ చెప్పకుండా ఇక్కడి గాలిని కొలుచుకుంది.

పాతదాని కోసం ముగ్గురొచ్చారు:
పచ్చబొట్లు వేసేవాడు, ఒక మంత్రసాని,
వియాచా నుంచి ఒక కుర్ర డాక్టరు,
చేతిలో తన సొంత సిగరెట్ పెట్టె లెక్క.
"సముద్రం దగ్గరివాళ్లకి పనికొస్తుందేమో," అన్నాను.
"ఇక్కణ్ణుంచి సముద్రం దాకా ఎవరు మోస్తారు?
ఆ పక్క వీధి దాకా మోస్తారు," అని
జెనోన్ సుత్తి అడిగి తీసుకుని
ముల్లు మీది గాజు పగలగొట్టింది.
తర్వాత ముల్లు వంచింది.
తర్వాత తలుపు బిగింపు మీద నాలుగు దెబ్బలు.
చేయి ఊపుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

పాత ఇనుముకింద నలభై కిలోలు తూగింది.
ఆ డబ్బుకి ఒక వారం గ్లౌజులొచ్చాయి.
ముప్పైయారులో ఇది నాలుగో నెల.

ఆ కొక్కెం మాత్రం నేను పారెయ్యలేదు.
తోమి, పొట్లం కట్టి, కొత్తదాంట్లో పెట్టాను.
ఆ వారం గొట్టం ఊదాగానే ఉంది.
ఇప్పుడది మూడో ట్రేలో, ఎడమ పక్కన.